సినచేప సంబంధం

"చెయ్యి తడుపుకోండి ముందు!"

షణ్ముగప్రియ దినకరన్‌తో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథకు ఇదేం మొదలని మీరు మూతి విరిస్తే నేనేం చేయను? జరిగింది అదే.

తూత్తుకుడి తీరానికి కాస్త దూరంలో, పడవ మీద, జీవితంలో మొదటిసారి గాలానికి చేప పడిన సంబరంలో ఉన్నాడు దినకరన్. దాన్ని తువాలుతో అదిమి పట్టుకుని, రెండో చేత్తో ఫోనెత్తి, సెల్ఫీ కోసం పళ్లన్నీ బయటపెట్టాడు. అంతలో ఈ అరుపు. అరిచింది తమిళంలోనే లెండి.

"పొడి చేత్తో పడితే దాని ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. నీళ్లలో వదిలినా పుండు పడి చస్తుంది. ఫోన్ కింద పెట్టి, చేతులు తడుపుకుని, రెండు చేతులా పట్టండి."

శని, ఆదివారాల్లో సరదాగా గాలం వేద్దామని వచ్చే కోయంబత్తూరు, మదురై జనాన్ని సముద్రంలోకి తీసుకెళ్లే చిన్న క్లబ్ ఒకటుంది. ఆ క్లబ్ గైడ్ ఆమె. చేపల గురించే చదివింది, వారమంతా ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది, సెలవు రోజుల్లో ఇలా పడవెక్కి జనాన్ని కేకలేస్తుంది.

చేపను కొలత పట్టీ మీద పరిచింది. "ఒకటిన్నర అడుగు లేదు. విడిచేయండి."

"పొద్దున్నుంచి ఎండలో కూర్చుంటే నాకు ఇదొక్కటే పడింది మేడం!"

"పావం, దానికి కూడా పొద్దున్నుంచి మీరొక్కరే దొరికారు. విడవండి."

పడవలో ఉన్నవాళ్లంతా నవ్వారు. దినకరన్‌కు ఒళ్లు మండింది. చేపను నీళ్లలోకి వదిలి, తన ఇంటి తెలుగులో గొణిగాడు. "ఈ పిల్ల నోట్లో గాలమేసి లాగాల. అప్పుడు తెలుస్తాది."

తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఇదొక అలవాటు. బస్సులో, కొట్టులో, పక్కవాళ్లకు తెలియకూడని మాటంతా తెలుగులో అనేస్తారు. ఎవరికి అర్థమవుతుందిలే అని ధీమా.

"వేయండి చూద్దాం," అంది ఆమె వెనక్కి తిరగకుండానే, తెలుగులో. "ముల్లు నొక్కేసిన గాలమైతే నాకు ఓకే, నోరు చీలదు."

దినకరన్ నీళ్లలో పడనందుకు దేవుడికి దండం పెట్టుకోవాలి.

"మీరు... మనోళ్లా?"

"మేలూరు. మీరు యాడ?"

"పొల్లాచ్చి. మాది కొబ్బరి వ్యాపారం."

"అదే అనుకుంటిని. కొబ్బరికాయలో నీళ్లు తప్ప వేరే నీళ్లు చూసినట్టు లేదే మీరు!"

ఆ వారం నుంచి దినకరన్ ప్రతి శనివారం పొల్లాచ్చి నుంచి తూత్తుకుడికి పరుగెత్తాడు. చేపల మీద ప్రేమ అనుకుంది వాళ్లమ్మ పొన్నమ్మాళ్. అమాయకురాలు.

*

"ఇదేం రూలు ప్రియా? చిన్నదైతే విడవాల. పెద్దదైతే అదీ విడవాల. అప్పురం ఇంక తినేదేంది?"

"మధ్యలోది. అదీ మనిషికొకటే."

అప్పటికి 'మేడం' పోయి 'ప్రియా' వచ్చింది. 'మీరు' పోయి 'దినా' వచ్చింది. పడవలో వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒక పక్కనే కూర్చునేవాళ్లు.

"చిన్నది సరే, పెరగాల. పెద్దదాన్ని విడిచేది ఏమిటికి?"

"కొడువా చేపలో చిన్నవన్నీ మగవి దినా. పెరిగినాక ఆడవిగా మారతాయి. రెండడుగులు బాగా దాటిందంటే అది తల్లి అనుకో. దాన్ని పట్టితే కడుపులో ఉండే లక్షల గుడ్లూ మన కొళంబులోకి పోతాయి."

ఆంధ్రలో పండుగప్ప అనే చేపనే ఆ తీరంలో కొడువా అంటారు. కొళంబు అంటే పులుసు.

"అంటే మగవాడు బాగా పెరిగితే ఆడది అయిపోతాడా? ఐయో!"

"నువ్వు భయపడొద్దు. నువ్వు పెరగవు."

దినకరన్ మొహం మాడ్చుకున్నాడు. ఆమె పట్టించుకుంటేనా!

"సరే, రూలు తప్పితే ఏం చేస్తారు? పోలీసొస్తాడా?"

"దీవుల దగ్గరికి పోతే వస్తాడు, అక్కడ చేపలు పట్టకూడదని సర్కారు రూలు. ఈ కొలతలు మనం పెట్టుకున్నవి. ఎవరూ రారు. నిజంగా పాటించినావా లేదా అని నీకే తెలియాల. ఎవరూ చూడనప్పుడు కూడా పాటించేవాడైతేనే నాకు..."

ఆగిపోయింది.

"నీకు?"

"నాకు క్లబ్‌లో మెంబరు," అని మొహం పక్కకు తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. దినకరన్ ఆ రోజంతా గాలానికి ఎర గుచ్చడం మరిచిపోయి ఉత్త గాలమే వేశాడు.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ఐప్పశి వానల్లో ఒక రోజు పడవ ఒడ్డుకు తిరిగొస్తుంటే కుండపోత మొదలైంది. అందరూ టార్పాలిన్ కింద దూరారు. ప్రియ మాత్రం అంచున కూర్చుని, ఎవరో తెంపి వదిలేసిన గాలపు దారాన్ని నీళ్లలోంచి లాగుతోంది. జుట్టంతా తడిసి మొహానికి అతుక్కుంది. దినకరన్ చూస్తూ కూర్చోలేకపోయాడు. వెళ్లి పక్కన చేరాడు.

"విడిచేయ్ ప్రియా, తడిసిపోతాండావు."

"దీన్ని ఇట్లే వదిలితే తాబేలు మెడకు చుట్టుకుంటాది. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాడు. ఆ వానలో, ఆ చప్పుడులో, ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, గట్టిగానే అనేశాడు. "ప్రియా, నువ్వంటే నాకు ఇష్టం."

"తెలుసు. ముందు దారం చుట్టు."

మొత్తం చుట్టాడు. ఉండను ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, తల ఎత్తకుండా అంది. "నాకూ."

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది! కానీ పెళ్లంటే ఇద్దరి పనా?

*

ప్రియ వాళ్ల అవ్వ కృష్ణమ్మాళ్. మేలూరులో ఆ ఇంట్లో ఆమె మాటే మాట. పిల్ల తండ్రి అనంతరామ ఒక స్పిన్నింగ్ మిల్లు నడిపిస్తాడు, తల్లి ముందు మాత్రం కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోడు.

ఆ ఇంటికి ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలంలో పొలాలకు నీళ్లిచ్చే కణ్మాయి అనే చెరువు ఎండిపోయే ముందు, ఊరిపెద్ద గుడ్డ ఊపగానే జనమంతా ఒక్కసారిగా దిగి చేపలు పడతారు. అమ్మరు, ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు. అక్కడి నుంచి పుట్టిన పద్ధతి ఇది. ఆ ఇంటి అల్లుడు కావాలంటే తన చేత్తో పట్టిన చేప తేవాలి. అది సినచేపే అయ్యుండాలి, అంటే కడుపు నిండా గుడ్లున్న చేప. అలాంటిది తెస్తే ఆ జంట ఇల్లు పిల్లాపాపలతో నిండుతుందని కృష్ణమ్మాళ్ నమ్మకం.

"మీ అవ్వ సినచేప అడుగుతాంది. నువ్వేమో తల్లిచేపను ముట్టొద్దంటావు. నేనేం చేసేది?" అన్నాడు దినకరన్ ఫోన్‌లో.

"కణ్మాయి వేరే దినా. నీళ్లు ఎండిపోతే ఆ చేపలు ఎట్లైనా చచ్చేవే, పట్టి తింటే తప్పులేదు. సముద్రం ఎండేది లేదు గదా? ఈ తేడా అవ్వకు నేను చెబుతా. నువ్వు కొలతలో ఉండే చేప తే, చాలు."

"ఒప్పుకోకపోతే?"

"నాయనతో, అవ్వతో, ఎవరితోనైనా నేను పోట్లాడుకుంటా. అది నా పని. నన్ను నమ్ము."

"నమ్మినా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఒట్టు వేయడం ఎంత తేలికో! నోటికి ఖర్చా, పనా?

ఇటు పొల్లాచ్చిలో పొన్నమ్మాళ్ ఊరుకుంటేనా? "మనోళ్ల పిల్లే కావాల, చదువుకున్న పిల్లే కావాల అంటే ఇంతకంటే మంచి సంబంధం యాడ దొరుకుతాది రా? పోయిన ఏడు ఒక డాక్టరు మార్కెట్లో కొన్న చేప తెచ్చినాడని ఆ అవ్వ వాకిట్లో నుంచే పంపించేసిందంట! నువ్వు బెత్తెడు చేప పట్టుకుని పోతే ఊరంతా నవ్వుతారు."

"ప్రియ మాట్లాడతా అనిందమ్మా."

"ఆడపిల్ల మాట ఆ అవ్వ ముందు చెల్లుతుందా? ఒక్క చేప. ఎవరు చూసేది రా?"

కుదరదని దినకరన్ చెప్పాల్సింది అప్పుడే.

*

వైకాశి నెల, ఎండలు ముదిరిన రోజులు. ఆదివారం మేలూరులో భోజనం అనుకున్నారు. శనివారం సాయంత్రం దినకరన్ ఒక్కడే ఒక నాటు పడవ మాట్లాడుకుని సముద్రంలోకి వెళ్లాడు. కొలతలో ఉన్న చేప కోసమే వెళ్లాడు. ఆ సంగతి నేను ఒప్పుకుంటాను.

పడిందేమో మూడడుగుల కొడువా. పొట్ట ఉబ్బి బరువుగా వేలాడుతోంది. దాన్ని పడవ పక్కకు లాగడానికి పావుగంట పట్టింది.

పడవ నడిపేవాడు వంగి చూశాడు. "సినై మీన్ తంబీ! నిండా ఉంది."

దినకరన్ చేతులు తడుపుకున్నాడు. చేపను నీళ్లలోనే ఉంచి, పొట్ట కింద చెయ్యి పెట్టి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాడు. అలా చేస్తే చేపకు ఊపిరి తిరుగుతుందని ప్రియే నేర్పింది. పడవ నడిపేవాడి చేతికి ఫోనిచ్చి వీడియో తీయించాడు. తోక ఆడింది, చేప నీళ్లలో ముందుకు కదిలింది. 'తల్లిని విడిచేశా, నీ కోసం' అని రాసి ప్రియకు పంపేశాడు.

అప్పటికి అది అబద్ధం కాదు. గాలం ఇంకా చేప నోట్లోనే ఉంది, నిజమే. దారం కోయడానికి కత్తి కూడా చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ.

"పడిందా రా? ఆ అవ్వ ఇప్పుడే ఫోన్ చేసె, ఎంతమంది వస్తారని. అరవై ఆకులు వేస్తారంట, చుట్టాలంతా వస్తారంట. మన మానం నీ చేతిలో ఉండాది నాయనా."

దినకరన్ చేప వైపు చూశాడు. అరవై మంది ముందు చిన్న చేపతో నిలబడటం కళ్ల ముందు కనిపించింది. ప్రియ అవ్వతో వాదించి ఓడిపోవడం కనిపించింది. ప్రియ గెలవడం మాత్రం కనిపించలేదు. ఆ పిల్ల మీద అతనికి ఉన్న నమ్మకం అంతేనన్నమాట.

కత్తి కింద పెట్టి, దారం లాగాడు.

ఐస్‌పెట్టె మూత వేస్తుండగా ప్రియ నుంచి మెసేజ్ వచ్చింది. 'వీడియో చూసి ఏడుపొచ్చింది దినా. నిన్ను చేసుకోబోతున్నందుకు ఎంత గర్వంగా ఉందో తెలుసా?'

ఆ మెసేజ్ ఒక్క నిమిషం ముందొస్తే చేప బతికేదేమో అంటారు కొందరు. నాకైతే నమ్మకం లేదు.

*

మేలూరు ఇంట్లో పెళ్లికూతురు ఆకు ముందుకు వచ్చేదాకా కిందికి దిగకూడదు. అది దినకరన్‌కు కలిసొచ్చింది. ఐస్‌పెట్టెను పెరటి వైపు నుంచి నేరుగా వంటింట్లోకి చేర్చాడు. చేప ముక్కలైపోతే దాని పొడుగెంతో ఎవరికి తెలుస్తుంది? ఆలస్యంగా వేసుకున్నా, లెక్క బాగానే వేసుకున్నాడు.

కృష్ణమ్మాళ్ చేప పొట్టను తడిమి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ఇంట్లో ఇట్లాటి సినచేప వచ్చి ఎన్నేండ్లాయనో! నిన్న ఒకటి విడిచేస్తివంట గదా. ఇది ఇంకొకటి పడెనా?"

దినకరన్ ఐస్‌పెట్టె మూత అందుకున్నాడు. "అ... అవునవ్వా. ప్రియకు ఇప్పుడే చెప్పొద్దు."

"చెప్పను లే. నేను కూడా నీకు చెప్పకుండా ఒకటి దాచిపెట్టుండా. ఆకు ముందు చెబుతా," అని బోసినోటితో నవ్వింది.

హాలు నిండా అరిటాకులు పరిచారు. చుట్టాలు కూర్చున్నారు. పొన్నమ్మాళ్ పట్టుచీరలో మెరిసిపోతోంది. ప్రియ మెట్లు దిగి వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతి నిండా గాజులు. పడవ మీద కేకలేసే పిల్లేనా ఈమె అనిపించింది దినకరన్‌కు. అతని ఎదురుగా కూర్చుంటూ ఎవరూ చూడకుండా కన్ను గీటింది. అంత సంతోషంగా ఆమెను అతను ఎప్పుడూ చూడలేదు. ఆ మొహం చూసైనా లేచి బయటికి పిలిచి నిజం చెప్పి ఉండాల్సింది. నవ్వి ఊరుకున్నాడు.

కృష్ణమ్మాళ్ ఒక చిన్న పళ్లెం తెచ్చింది. ఉప్పు, కారం పట్టించి వేయించిన చేపగుడ్లు. వాటిని మనవరాలి ఆకులో పెట్టింది.

"మొదటి ముద్ద పిల్లది. ఇది తిన్నదంటే పిల్లకు సమ్మతం. తినమ్మా, మీ ఆయన తెచ్చినాడు."

ఆనవాయితీలో ఈ ముక్క దినకరన్‌కు ఎవరూ చెప్పలేదు.

ప్రియ చెయ్యి ఆకు దాకా వెళ్లి ఆగింది.

"ఇదేం చేప అవ్వా?"

"కొడువా. ఇంత పొడుగుండె," అని అవ్వ చేతులు చాచి చూపించింది.

ప్రియ తలెత్తి దినకరన్‌ను చూసింది. అతను తన ఆకు వైపు చూస్తున్నాడు.

"దినా. నిన్న విడిచితినంటివే?"

"ఇది వేరేది ప్రియా."

"నన్ను చూసి చెప్పు."

చూడలేకపోయాడు.

"అదేనా?"

"...అదే."

"వీడియో?"

"వీడియో తీసినప్పుడు విడిచేద్దామనే అనుకుంటిని. అప్పురం అమ్మ ఫోన్ చేసె. మీ అవ్వ ఒప్పుకోదేమోనని భయమేసె. మన పెళ్లి కోసమే ప్రియా!"

కృష్ణమ్మాళ్‌కు అప్పటికి సంగతి అర్థమైంది. పళ్లెం కింద పెట్టేసింది. "నేను ఒప్పుకుంటిని గదప్పా! నిన్న సాయంత్రం ఈ పిల్ల ఆ వీడియో తెచ్చి నాకు చూపించె. ఇంత పెద్ద సినచేపను నా మాట కోసం విడిచేసినాడవ్వా అని ఎగిరె. అట్లాటి మనసుండేవాడు ఉత్త చేతులతో వచ్చినా పిల్లనిస్తానంటిని. రేపు నేనే చెబుతా, నువ్వు చెప్పొద్దని దాని నోరు కట్టేస్తిని."

దినకరన్‌కు తల కొట్టేసినట్టయింది.

అనంతరామ సర్దబోయాడు. "సరి సరి, పిల్లోడు ఆసతో తెచ్చినాడు. ఒక చేపకా ఇంత గొడవ? ఊరికే ఒక ముద్ద తినమ్మా."

పొన్నమ్మాళ్ కూడా బతిమాలింది. "తప్పు నాది ప్రియమ్మా. నేనే బలవంతం చేస్తిని. తిను కన్నా."

ప్రియ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నా వల్ల కాదు."

"ప్రియా!" అని తండ్రి గొంతు పెంచాడు.

"నువ్వు కూర్చో రా," అంది కృష్ణమ్మాళ్ కొడుకుతో. ఈ సంబంధం మీద ఇంట్లో అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆమే. "ఆకులో పెట్టింది పిల్ల ముట్టకపోతే సంబంధం లేదు. అరవై మంది వచ్చినా, ఆరుగురు వచ్చినా అదే. నాకు నచ్చినాడని ఆ పద్ధతి తప్పేదా?"

ఆ మాటతో అంతా అయిపోయింది. చుట్టాలు ఆకుల ముందు నుంచి లేచారు. కొళంబు గంగాళంలోనే ఉండిపోయింది.

*

కారు దగ్గర ప్రియ ఒక్కతే నిలబడి ఉంది. తనే వచ్చింది, ఎవరూ పంపలేదు.

"ఒక్క తప్పు ప్రియా," అన్నాడు దినకరన్. ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు. "ఇంకెప్పుడూ చేయను. ఒక చేప కోసం నన్ను విడిచేస్తావా?"

"చేపను తెచ్చినావని మాత్రం అయితే తిట్టి, కొట్టి, అయినా చేసుకునుంటా. భయపడితిని, తెచ్చేస్తిని అని రాత్రి ఒక మాట చెప్పుంటే నేనే అవ్వకు సర్దిచెప్పుంటా. నీకు రాత్రంతా టైముండె దినా. నేను ఆ వీడియో చూసి చూసి మురిసిపోతాంటే నువ్వు గుడ్‌నైట్ పెడితివి."

"రాత్రే నువ్వు చెప్పుంటే? అవ్వ ఒప్పుకునింది, ఉత్త చేతులతో వచ్చినా చాలు అని ఒక్క మాట చెప్పుంటే, నేను ఆ చేపను ఈ ఇంటికి తెచ్చేవాణ్ణే కాదు!"

ప్రియ ఒక అడుగు వెనక్కి వేసింది.

"అవును. తెచ్చేవాడివి కాదు. దాన్ని యాడన్నా పారేసి, చేతులూపుకుంటా వచ్చుంటావు. అందరూ నిన్ను మెచ్చుకునుంటారు. నేను నవ్వుతా తాళి కట్టించుకునుంటా. నాకేం తెలిసుండేది?"

కారులోంచి పొన్నమ్మాళ్ పిలిచింది. అతను కదలలేదు.

"నువ్వంటే నాకు ప్రాణం ప్రియా."

"నాకూ ఇష్టమే. ఇప్పుడు కూడా. అందుకే ఏడుపొస్తాండాది," అంది ఆమె. "నీ ముందర ఏడవను. పో."

అతను పోయాడు.